పర్లాకిమిడి నుంచి రెండు రాష్ట్రాల ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లకి బహిరంగ లేఖ

ఢిల్లీలో ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశమంతా తిండి నాణ్యత చూసే కేంద్ర సంస్థ) పెద్దలకి, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఫుడ్ సేఫ్టీ కమిషనర్లకి, గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ డ్యూటీ చేస్తున్న ఆఫీసర్లకి నమస్కారం.

నేను పర్లాకిమిడిలో కిరాణా కొట్టు నడుపుతాను. మా నాన్న పెట్టిన కొట్టు, ఇప్పుడు నేనూ మా తమ్ముడూ చూసుకుంటున్నాం. మా ఊరు ఒడిశాలో ఉంది, ఆటో ఎక్కితే పది నిమిషాల్లో పాతపట్నం, అది ఆంధ్రా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత మా పక్క నుంచి గీసారు, అప్పట్నుంచి ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కొండ మీద నుంచి వచ్చే సవరలతో వాళ్ళకొచ్చిన తెలుగు మాకొచ్చిన సవర కలిపి మాట్లాడుకుంటూ బతుకుతున్నాం. దాని మీద కంప్లైంట్ ఏమీ లేదు. నేను రాసేది ఈ గీతకి అటూ ఇటూ తిరిగే సరుకు గురించి, ఆ సరుకు తినే మనుషుల గురించి.

తిండి అంటే దేశ భద్రతకి సంబంధించిన విషయం అని ఈ మధ్య పెద్ద పెద్ద మీటింగుల్లో చెప్తున్నారు. నేను నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. బయటి దేశం నుంచి వచ్చే సరుకుని పోర్టులో ఆపి, కాగితాలు చూసి, శాంపుల్ తీసి, క్లియరెన్స్ ఇచ్చాకే లోపలికి వదులుతారు, 2006 ఫుడ్ సేఫ్టీ చట్టంలో దానికి ప్రత్యేకంగా సెక్షన్ ఉంది. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ అనే రసాయనం కలిపి 6 గురు పసిపిల్లలు చనిపోయి దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బు పడితే మన గవర్నమెంట్ వెంటనే చైనా పాల సరుకు మొత్తం ఆపేసింది, ఏళ్ళ తరబడి ఆ ఆర్డర్ పొడిగిస్తూ వచ్చింది. మంచి పని. కానీ పోర్టు దాటి దేశం లోపలికి వచ్చాక, లేదా దేశం లోపలే తయారయ్యాక, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళే చోట ఎవరు చూస్తున్నారు? మా దగ్గర నిలబడి చూస్తే జవాబు తెలుస్తుంది. ఒడిశా ఆఫీసర్ పవరు మా ఊరి చివర ఆగిపోద్ది, ఆంధ్రా ఆఫీసర్ పవరు అక్కడ మొదలవుద్ది, సరుకు మాత్రం ఎక్కడా ఆగదు.

అంటే మళ్ళీ చెక్ గేట్లు పెట్టమని కాదు, ముందే చెప్తున్నాను. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక సేల్స్ టాక్స్ గేట్లు తీసేసారు, లారీలు గంటల కొద్దీ లైన్లో ఆగే బాధ పోయింది, టమాటాలు లారీలోనే కుళ్ళిపోవడం తగ్గింది. ఆ గేట్ల దగ్గర ఎవరూ నూనె నాణ్యత చూసింది కూడా లేదు, పన్ను కట్టారా లేదా అన్నదే చూసేవారు. నేను అడిగేది వేరు. రెండు వైపులా మీ దగ్గర ఉన్న సమాచారం ఒక చోట కలపండి, కలిపింది మాకు అర్థమయ్యే భాషలో చెప్పండి. ఇంతే అడుగుతున్నాను, మిగతాదంతా ఇది ఎందుకు అవసరమో చెప్పడానికి రాస్తున్నాను.

మా కొట్టుకి నూనె టిన్నులు, కారం, పసుపు ఆంధ్రా వైపు హోల్ సేల్ నుంచి వస్తాయి. చేపలు భీమవరం, ఆకివీడు వైపు నుంచి ఐసు పెట్టెల్లో మా మార్కెట్ కే కాదు, బరంపురం దాటి ఇంకా పైకి వెళ్తాయి. ఇక్కడ నుంచి చింతపండు, పసుపు కొమ్ములు, జీడిపిక్కలు, కొండ చీపుళ్ళు అటు వెళ్తాయి. పాతపట్నం వాళ్ళు మా కొట్లో సరుకు కొంటారు, మా వాళ్ళు పండగ సరుకుకి టెక్కలి వెళ్తారు. ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్ నంబర్ ఉన్న కారం ప్యాకెట్ రెండు రాష్ట్రాల కొట్లలోనూ ఒకే రోజు వేలాడుతూ ఉంటది. ఇప్పుడు అటు వైపు ఆ బ్యాచ్ శాంపుల్ ఫెయిల్ అయిందనుకోండి, ఇటు వైపు కొట్టువాడికి ఎవరు చెప్తారు? 2017లో రీకాల్ రూల్స్ తెచ్చారు, సరుకు బాగోలేదని తేలితే కంపెనీయే వెనక్కి తీసుకోవాలి, డిస్ట్రిబ్యూటర్లకి, కొట్లకి కబురు పెట్టాలి. రూల్ బాగుంది. కానీ మా దాకా వచ్చే సరుకులో సగం డిస్ట్రిబ్యూటర్ లిస్టులో లేని దారిలో వస్తది, ఒకరి దగ్గర ఇంకొకరు కొని వ్యాన్లో వేసుకొచ్చి ఇచ్చి వెళ్ళిపోతారు, ఆ దారిలో కంపెనీ కబురు రాదు. మీ కబురు మాత్రం రాగలదు.

శాంపుల్ ఎలా తీస్తారో మా కొట్లో నేను దగ్గరుండి చూసాను. పద్ధతి చాలా పక్కాగా ఉంది, ఆ ఆఫీసర్ని నేను మెచ్చుకోవాలి. ముందు నోటీసు రాసి ఇచ్చారు, సరుకుకి మామూలు రేటు ప్రకారం డబ్బు కట్టారు, ఊరికే తీసుకోలేదు. పసుపు పొడిని నాలుగు భాగాలు చేసారు, శుభ్రమైన సీసాల్లో పోసి మూత బిగించి, మందంపాటి కాగితం చుట్టి, పైన కోడ్ నంబర్ ఉన్న చీటీ అంటించి, పురికొస కట్టి, ముడి మీద లక్క కరిగించి సీలు వేసారు. లక్క వాసన సాయంత్రం దాకా కొట్లో ఉంది. నాలుగింట్లో ఒకటి ఫుడ్ ఎనలిస్టుకి, రెండు జిల్లా ఆఫీసర్ దగ్గర, ఇంకొకటి మేం కావాలంటే గుర్తింపు ఉన్న ల్యాబ్ కి పంపించుకోవచ్చు అని చెప్పారు. ఎనలిస్టు 14 రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆ రిపోర్ట్ మాకు నచ్చకపోతే అప్పీల్ చేసుకోవచ్చు, రిఫరల్ ల్యాబ్ చెప్పిందే ఫైనల్.

ఇంత జాగ్రత్తగా సీలు వేసిన సీసా రిపోర్ట్ మా చేతికి వచ్చేసరికి ఆ లాట్ పసుపంతా అమ్ముడైపోయింది. ఏ ఆఫీసులో ఆలస్యం అయిందో నేను రాయను, ఎవర్నో ఇరికించడం నా ఉద్దేశం కాదు, మనుషులు తక్కువ, పని ఎక్కువ అని నాకూ కనిపిస్తుంది. రిపోర్ట్ మంచిదే వచ్చింది. చెడ్డది వచ్చి ఉంటే ఆ పాటికి తినేసినవాళ్ళకి ఏం చెప్పేవాణ్ణి అన్నది ఒకటి, అదే లాట్ అటు పాతపట్నంలో, మెళియాపుట్టిలో అమ్మిన కొట్లకి ఎవరు చెప్పేవారు అన్నది ఇంకొకటి. మంచి రిపోర్ట్ వచ్చినా దాన్ని కొట్లో గోడకి అంటించుకుని జనానికి చూపించుకునే పద్ధతి లేదు, అదంతా ఇంగ్లీషులో ఉంది, చదివేవాళ్ళు లేరు.

ఈ మధ్య ఒక సవర ముసలమ్మ చింతపండు అమ్ముకుని ఉప్పూ పసుపూ కొనుక్కోడానికి వచ్చింది. ప్యాకెట్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి "ఏటి బావూ, ఇది మరీ పచ్చగా ఉంది, ఏటి కలిపేరు" అని అడిగింది. వాళ్ళు ఇంటి వెనకాల పసుపు పండించుకునేవాళ్ళు, కొమ్ము దంచితే ఏ రంగు వస్తదో వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. "ప్యాకెట్ మీద గవర్నమెంట్ నంబర్ ఉంది కదమ్మా" అని 14 అంకెల లైసెన్స్ నంబర్ చూపించాను. "నంబర్ నాకేటి తెల్సు, మీ ఇంట్లో ఇదే తింతన్నారా సెప్పు" అంది. తింటున్నాం అని చెప్తే అప్పుడు కొంది. అంటే మీ లైసెన్స్ మీద కాదు, నా మాట మీద నమ్మకంతో కొంది. ఆమె నమ్మకం మోయడానికి నాకు బలం చాలదు, ఎందుకంటే ఆ ప్యాకెట్లో ఏముందో నాకూ తెలీదు. నా దగ్గర ల్యాబ్ లేదు. ప్యాకెట్ మీద రాతలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలని రూల్, మా ఏరియాలో కొనేవాళ్ళలో ఆ రెండూ చదివేవాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే ఒక రోజు మా సంతలో నిలబడి చూడండి.

పసుపు గురించి ఎందుకు ఇంత చెప్తున్నానంటే, పక్క దేశం బంగ్లాదేశ్ దీన్ని ఎలా కంట్రోల్ చేసిందో తెలుసుకున్నాక నాకు ఆశ కలిగింది. అక్కడ పసుపుకి మెరుపు రావాలని లెడ్ క్రోమేట్ అనే రంగు కలిపేవారు, అందులో సీసం ఉంటది, పిల్లల మెదడుని దెబ్బ తీస్తది. 2019లో మార్కెట్లో తీసిన పసుపు శాంపుల్స్ లో 47 శాతం వాటిలో సీసం దొరికింది. 2021 నాటికి సున్నా. మధ్యలో ఏం చేసారంటే, ముందు పరిశోధకులు కనిపెట్టింది పేపర్లలో, టీవీల్లో బాహాటంగా చెప్పారు, ఫుడ్ సేఫ్టీ అథారిటీ వాళ్ళు హోల్ సేల్ మార్కెట్లలో కల్తీ పసుపు అమ్మితే నేరం అని వాళ్ళ భాషలో నోటీసులు అంటించారు, ఢాకాలో పెద్ద హోల్ సేల్ మార్కెట్ మీద రైడ్ చేసి సరుకు అక్కడికక్కడే చేతి మెషిన్ తో టెస్ట్ చేసి, పట్టుబడ్డవాళ్ళకి ఫైన్ వేసి, ఆ విషయం మళ్ళీ అందరికీ చెప్పారు. చిన్న కొట్లవాళ్ళని పట్టుకుని కూర్చోలేదు, సరుకు ఎక్కడ నుంచి బయల్దేరుతుందో అక్కడికి వెళ్ళారు. రెండేళ్ళలో పని అయ్యింది. వాళ్ళకి మనకంటే డబ్బు ఎక్కువేం లేదు కదా.

మన దగ్గర పని అంతా కింద నుంచి మొదలవుద్ది. బజ్జీల బండి ఆవిడకి రిజిస్ట్రేషన్ ఉందా, అప్పడాలు ఒత్తి అమ్ముకునే ఇంటావిడ సంచి మీద నంబర్ ఉందా అని అడుగుతారు. అడగాలి, కాదనను, వాళ్ళు కూడా శుభ్రంగానే చెయ్యాలి, రిజిస్ట్రేషన్ ఫీజు పెద్ద భారం కాదు, నెట్ సెంటర్ వాడు తీసుకునేదే ఎక్కువ. కానీ బజ్జీల బండికి నూనె ఇచ్చేది ఎవరు? పెద్ద హోటళ్ళలో మరిగించి మరిగించి నల్లగా అయిపోయిన నూనె ఎక్కడికి పోతుంది? 2018 జులై నుంచి వాడిన నూనెలో టీపీసీ (నూనె మరిగేకొద్దీ పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే ఇంక వంటకి వాడకూడదని రూల్ ఉంది. ఆ రూల్ అమలు చెయ్యాల్సింది బండి దగ్గర కాదు, ఆ నూనె డబ్బాల్లో నింపి వ్యాన్ ఎక్కించే చోట. ఆ వ్యాను రాత్రిపూట గీత దాటేస్తే ఇటు ఆఫీసర్ "అది ఆంధ్రా నుంచి వచ్చింది" అంటాడు, అటు ఆఫీసర్ "అది ఒడిశాలో అమ్మారు" అంటాడు.

లూజు నూనె అమ్మకూడదన్న మాట ఊరికే పుట్టలేదు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి 60 మందికి పైగా చనిపోయారు, 3 వేల మంది దాకా హాస్పిటల్ పాలయ్యారు. 2013 జులైలో బీహార్ లో సరణ్ జిల్లా స్కూల్లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు, వంట నూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు కలిసిందని తేలింది. ఆ స్కూలు ఫొటోలు చూసినప్పుడు మా కొండ స్కూళ్ళే గుర్తొచ్చాయి, అలాంటి గదులే, అలాంటి ప్లేట్లే. మా దగ్గర కూడా పత్తి చేలకి కొట్టిన మందు డబ్బాలు కడుక్కుని ఇంట్లో వాడేవాళ్ళు ఉన్నారు. ఇది శత్రువు చేసిన పని కాదు, నిర్లక్ష్యం. కానీ చనిపోయిన పిల్లల తల్లిదండ్రులకి రెండింటికీ తేడా ఏముంది?

ఇప్పుడు దేశ భద్రత మాటకి వస్తాను. 1984లో అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో ది డాల్స్ అనే చిన్న ఊళ్ళో, రజనీష్ ఆశ్రమం వాళ్ళు కొంతమంది లోకల్ ఎలక్షన్ లో తమవాళ్ళు గెలవాలని, ఓటర్లు మంచం పట్టాలని 10 హోటళ్ళలో సలాడ్ పెట్టే చోట సాల్మోనెల్లా క్రిములు కలిపారు. 751 మంది జబ్బు పడ్డారు. నన్ను కదిలించింది ఆ లెక్క కాదు, దాని తర్వాత జరిగింది. మొదట్లో హెల్త్ డిపార్ట్మెంట్ వాళ్ళు హోటల్లో పనిచేసేవాళ్ళు చేతులు సరిగా కడుక్కోలేదు, అందుకే వచ్చింది అని తేల్చారు. ఏడాది తర్వాత ఆశ్రమం లోపల గొడవలొచ్చి బయటపడితే గానీ కావాలని చేసారని తెలీలేదు. అంత డబ్బున్న దేశంలో, ఒకే ఊళ్ళో, 751 మంది పడినా ఏడాది పట్టింది. తర్వాత 2002లో వాళ్ళు బయోటెర్రరిజం చట్టం తెచ్చి తిండి తయారుచేసే ప్రతి ఫ్యాక్టరీ రిజిస్టర్ అవ్వాలి, బయట నుంచి వచ్చే ప్రతి సరుకుకీ ముందే నోటీసు ఇవ్వాలి అని పెట్టారు.

ఇదే మా దగ్గర జరిగితే? కావాలని ఎవరూ చెయ్యక్కర్లేదు, పాడైన పనీర్ చాలు. మా చుట్టాల పెళ్ళిలో అదే జరిగింది. పెళ్ళికూతురు వాళ్ళది టెక్కలి వైపు, పెళ్ళికొడుకు వాళ్ళది పర్లాకిమిడి. రాత్రి భోజనాలయ్యాక తెల్లవారుజాము నుంచి వాంతులు, విరేచనాలు. ఇటువాళ్ళు ఇక్కడి హాస్పిటల్ కి వెళ్ళారు, అటువాళ్ళు బస్సులో వెళ్ళిపోయి టెక్కలిలో, శ్రీకాకుళంలో చేరారు, కొందరు ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకున్నారు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. డాక్టర్లందరూ బాగా చూసారు. కానీ ఒక్కో డాక్టర్ ముందు నలుగురో ఐదుగురో ఉన్నారు, నలుగురైదుగురికి విరేచనాలంటే ఎండాకాలంలో ఎవరూ ఆశ్చర్యపోరు కదా. ఇదంతా ఒకే భోజనం, ఒకే పాత్ర అని చెప్పే మనిషి ఏ ఆఫీసులోనూ లేడు, ఎందుకంటే లెక్క రెండు రాష్ట్రాల రిజిస్టర్లలో విడిపోయింది. మేమే ఫోన్లు చేసుకుని కూడుకుంటే తెలిసింది ఎంతమంది పడ్డారో. అప్పటికి వంటవాళ్ళు గిన్నెలు తోమేసి వెళ్ళిపోయారు, శాంపుల్ లేదు, ఆ పనీర్ ఇంకెన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళిందో తెలీదు.

2006 చట్టంలో 35వ సెక్షన్ చూడండి. ఫుడ్ పాయిజనింగ్ కేసు వస్తే డాక్టర్లు తప్పకుండా రిపోర్ట్ చెయ్యాలని నోటిఫికేషన్ ఇచ్చే అధికారం మీకే ఉంది. దాన్ని ఈ సరిహద్దు జిల్లాల్లో గట్టిగా వాడండి, ప్రైవేట్ క్లినిక్కులతో సహా. గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ ఒక వైపు, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం, విజయనగరం ఇంకో వైపు, వీటన్నిటి కేసులూ ఒకే స్క్రీన్ మీద కనపడాలి. ఇచ్ఛాపురంలో పది మంది, గిరిసోలాలో పన్నెండు మంది పడితే అది రెండు చిన్న వార్తలు కాదు, ఒక పెద్ద వార్త అని ఎవరో ఒకరు అదే రోజు గుర్తుపట్టాలి. దేశ భద్రత అంటే నాకు ఇదే అర్థం అవుద్ది. తిండి వాళ్ళూ పోలీసులూ కలిసి కూర్చోవడం కొత్తేమీ కాదు, 2024 సెప్టెంబర్ లో తిరుమల లడ్డూ నెయ్యి గొడవ వచ్చినప్పుడు శాంపుల్ గుజరాత్ ఆనంద్ లో ఎన్డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) ల్యాబ్ దాకా వెళ్ళిందని మనందరం విన్నాం, తర్వాత అక్టోబర్ 4న సుప్రీంకోర్టు వేసిన సిట్ లో ఇద్దరు సీబీఐ, ఇద్దరు ఆంధ్రా పోలీసులు, ఒక ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆఫీసర్ ఉన్నారు. వెంకన్న ప్రసాదం కాబట్టి దేశమంతా కదిలింది, బాగుంది. మా సంతలో కొనే మనిషి నోట్లోకి పోయేదానికి సిట్ అక్కర్లేదు, ఇద్దరు జిల్లా ఆఫీసర్లు ఒకరి ఫోన్ నంబర్ ఒకరి దగ్గర పెట్టుకుంటే చాలు.

ఇంకో విషయం, నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసేది. పుకారు. నిజం ఆలస్యంగా వచ్చే చోట పుకారు ముందే వచ్చి కూర్చుంటది. 2018 జులైలో ఆంధ్రా చేపల్లో ఫార్మాలిన్ (కుళ్ళిపోకుండా వాడే విషపు మందు) ఉందని అస్సాం 10 రోజులు చేపలు ఆపేసింది, ఒడిశాలో కూడా శాంపుల్స్ తీసారు. మా మార్కెట్లో చేపలమ్మే ఆడవాళ్ళు పొద్దున్నే తెచ్చుకున్న తట్టలు మధ్యాహ్నానికి అలాగే పెట్టుకుని కూర్చున్నారు, కొనేవాడు లేడు, ఐసు కరిగి నీళ్ళు కారిపోతున్నాయి. అందులో ఊరి చెరువు చేపలు కూడా ఉన్నాయి, వాటికీ ఆంధ్రాకీ సంబంధమే లేదు. ఇటు తీసిన శాంపుల్స్ లో ఏం తేలింది అన్నది ఆ ఆడవాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పినవాళ్ళు లేరు. ఒక మైకు ఆటో మీద పెట్టి తెలుగులో, ఒడియాలో చెప్తే అయిపోయేది.

రేషన్ బియ్యం అంతే. బియ్యం కడుగుతుంటే కొన్ని గింజలు తేలుతున్నాయి, రంగు తేడాగా ఉన్నాయి, ప్లాస్టిక్ బియ్యం ఇస్తున్నారు అని ఎంతమంది ఏరి పారేసారో! అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి చేసిన ఫోర్టిఫైడ్ గింజలు, 100 కిలోల మామూలు బియ్యంలో 1 కిలో కలిపేవారు, 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి గారే ఎర్రకోట మీద చెప్పారు. నేను కొట్లో ఎంతమందికి చెప్పానో, కొందరు నమ్మారు, కొందరు "నీకేటి తెల్సు" అన్నారు. మా కొండ ఊళ్ళలో సికిల్ సెల్ జబ్బు ఉన్న ఇళ్ళు ఉన్నాయి. ఐరన్ కలిపిన సరుకు వాళ్ళు తినొద్దని ముందు సంచి మీద హెచ్చరిక ఉండాలన్నారు, తర్వాత కమిటీ చూసి ప్రమాదం లేదంది, 2024లో హెచ్చరిక తీసేసారు. సైన్సు ప్రకారమే చేసారని నేను నమ్ముతాను. కానీ ఎందుకు పెట్టారో, ఎందుకు తీసారో ఆ ఇళ్ళలో తల్లికి కూర్చోబెట్టి చెప్పకపోతే ఆమె వాట్సాప్ లో వచ్చిందే నమ్ముద్ది, ఆమెని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు సరుకులు దొరకవు అని మెసేజులు తిరిగాయి. మా కొట్టుకి కూడా ఉప్పు, కందిపప్పు బస్తాల్లెక్కన అడుగుతూ వచ్చారు. కేంద్ర ఆహార మంత్రి ప్రహ్లాద్ జోషి గారు వెంటనే స్టాకు ఫుల్లుగా ఉంది, నమ్మొద్దు అని చెప్పారు, రెండు రోజుల్లో చల్లబడింది. అంటే త్వరగా, గట్టిగా, పేరున్న మనిషి చెప్తే జనం వింటారు. రేపు ఎవడో శత్రువు నిజంగానే నూనెలో విషం కలిపారని ఒక వీడియో వదిలితే, ఏమీ కలపక్కర్లేదు, వీడియో చాలు, ఈ ఏరియాలో మార్కెట్లు మూతపడతాయి. ఆ రోజు మీరు "భయపడొద్దు" అంటే జనం నమ్మాలంటే మామూలు రోజుల్లో మీరు నిజం చెప్పే అలవాటు ఉండాలి. ఫెయిల్ అయిన శాంపుల్ వివరాలు బయటపెడితే జనం కంగారు పడతారని కొందరు ఆఫీసర్లు అంటుంటారు. నా అనుభవం దీనికి రివర్సు. ఫలానా బ్యాచ్ బాగోలేదు, తిరిగిచ్చేయండి, మిగతాది తినొచ్చు అని చెప్పిన రోజు జనం ఆ బ్యాచ్ తెచ్చి ఇచ్చేసి మిగతాది కొనుక్కుని వెళ్తారు. ఏమీ చెప్పని రోజే అన్నీ మానేస్తారు.

అందుకే మీరందరూ కలిసి చెయ్యాల్సింది అడుగుతున్నాను. ఒక రాష్ట్రంలో ఒక బ్యాచ్ ఫెయిల్ అయితే అదే రోజు పక్క జిల్లా ఆఫీసర్ కి వెళ్ళాలి, ఆయన కొట్లకి మెసేజ్ పెట్టాలి, లైసెన్సులన్నీ 2020 నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ ఫాస్కాస్ పోర్టల్లో ఉన్నాయి, మా అందరి ఫోన్ నంబర్లూ మీ దగ్గర ఉన్నాయి, మెసేజ్ పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. శాంపుల్ భువనేశ్వర్ దాకా వెళ్ళి రావడం మా ఊరికి దూరం, రాయగడకి ఇంకా దూరం, కాబట్టి ఈ జిల్లాలకి దగ్గర్లో ఒక ల్యాబ్ పెట్టండి, అది ఎటు వైపు ఉన్నా మాకు ఇబ్బంది లేదు, రెండు రాష్ట్రాలూ దాని రిపోర్ట్ ఒప్పుకుంటే చాలు. అంతవరకు ఆ మొబైల్ ల్యాబ్ వ్యాను, ఫుడ్ సేఫ్టీ ఆన్ వీల్స్ అంటారు కదా, దాన్ని సంత రోజుల్లో పంపండి, పసుపు, కారం, పాలు, నూనె జనం ముందే పరీక్ష చేసి అక్కడే మైకులో చెప్పండి. కొనేవాడు ఎవడైనా ఫీజు కట్టి తను కొన్న సరుకు టెస్ట్ చేయించుకోవచ్చని, తప్పు తేలితే ఆ ఫీజు తిరిగి వస్తదని చట్టం 40వ సెక్షన్లో ఉంది, ఈ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలీదు, బస్టాండులో తెలుగు, ఒడియా బోర్డు పెట్టి రాయించండి.

ఇంకా, బెల్లం గురించి ఒక్క మాట. హైడ్రోస్ అనే రంగు తేల్చే మందు వేసి తెల్లగా మెరిసేలా చేసిన బెల్లం దిమ్మ ముందు పోతుంది, ముదురు రంగు బెల్లం నా దగ్గర చీమలు పట్టి మిగిలిపోతుంది. రైతుకి మందు వెయ్యకుండా వండితే రేటు రావట్లేదు. కేసులు రాయకముందు బట్టీల దగ్గరకి వెళ్ళి వాళ్ళతో మాట్లాడండి, ముదురు బెల్లమే మంచిదని కొనేవాళ్ళకి మీ నోటితో చెప్పండి. మా మాట అయితే మిగిలిన సరుకు వదిలించుకోడానికి చెప్తున్నాడు అనుకుంటారు.

మా వైపు నుంచి ఏం చేస్తామో కూడా రాస్తున్నాను. బిల్లు లేని సరుకు దించుకోం అని మా వీధి కిరాణా వర్తకులం కొంతమందిమి మాట్లాడుకున్నాం. మీరు బ్యాచ్ నంబర్ పంపిస్తే ఆ గంటలోనే అరల మీద నుంచి తీసి పక్కన పెడతాం, కొన్నవాళ్ళు తెస్తే డబ్బు తిరిగిచ్చేస్తాం, ఆ నష్టం తర్వాత కంపెనీతో తేల్చుకుంటాం. రెండు జిల్లాల ఆఫీసర్ల మొదటి మీటింగ్ పర్లాకిమిడిలో పెట్టండి, పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళకి దూరం కాదు. హాలు, టీ, భోజనం మేం చూసుకుంటాం. తారీఖు చెప్పండి.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక కిరాణా వర్తకుడు